కోనసీమ చమురా, రాయలసీమ ఎండా? ఏ పనికి ఏది ఎంచుకోవాలి

పెట్రోలు ధర కదిలినప్పుడల్లా మా ఇంట్లో ఒకటే వాదన. "కాకినాడ పక్కన సముద్రంలో అంత చమురు పెట్టుకుని బయటి దేశాల దగ్గర కొనుక్కోవడం ఏమిటి, తవ్వుకుంటే పోలా?" అంటారు మా చిన్నాన్న. హైదరాబాద్‌లో కరెంటు స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్లే ఆయన కూతురు ఊరుకోదు. "ఇంకా బావులేంటి నాన్నా, సీమలో ఎండ చాలదా?" అంటుంది. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇద్దరూ పొరబడేది కూడా ఒకే చోట. బావిలోంచి వచ్చే చమురు, సోలార్ పలక మీద పుట్టే కరెంటు ఒకే పని చేస్తాయనుకుని తూకం వేస్తున్నారు.

మన దేశంలో గ్రిడ్డులోకి వచ్చే కరెంటులో చమురు వాటా దాదాపు సున్నా. కరెంటు చాలావరకు బొగ్గు నుంచి వస్తుంది. చమురు వెళ్లేది లారీకి, ట్రాక్టరుకు, బైకుకు, విమానానికి, వంట గ్యాస్ బండకు, ప్లాస్టిక్కుకు. కాబట్టి ఎక్కడో ఒక సోలార్ పార్కు పెట్టినంత మాత్రాన చమురు దిగుమతి చుక్క కూడా తగ్గదు, ముందు తగ్గేది బొగ్గు. చమురు తగ్గాలంటే దాన్ని తాగే బండి కరెంటుకు మారాలి. రైల్వే చేసింది అదే. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో 95 శాతానికి పైగా విద్యుదీకరణ అయిపోయింది, డీజిల్ ఇంజను కనపడటం అరుదైపోయింది. అందుకే చమురు మంచిదా, సోలార్ మంచిదా అని అడిగితే జవాబు తేలదు. ఏ పనికి, ఏ వేళకి, ఎవరి నేల మీద అని అడగాలి. ఈ వ్యాసంలో నేను పోల్చేది అలాగే.

బావి ఏమిస్తుంది

కృష్ణా గోదావరి (కేజీ) బేసిన్‌లో ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీకి లోతు సముద్రపు బ్లాకు, అంటే తవ్వకానికి కేటాయించిన భాగం, ఒకటుంది, పేరు కేజీ-డీడబ్ల్యూఎన్-98/2. 2024 జనవరి 7న దాన్నుంచి తొలిసారి చమురు తీశారు. పూర్తి స్థాయికి చేరితే రోజుకు 45 వేల బ్యారెళ్లు వస్తాయని అప్పుడు ప్రకటించారు. వినడానికి పెద్ద అంకె. దేశం రోజుకు వాడేది 50 లక్షల బ్యారెళ్లకు పైమాటే. అంటే ఇంత పెద్ద ప్రాజెక్టు నిండుగా పారినా నూటికి ఒకటి కూడా రాదు. మన చమురు అవసరంలో 85 శాతానికి పైగా దిగుమతే. 2011-12లో దేశీయ ఉత్పత్తి 3.8 కోట్ల టన్నుల దగ్గర ఉండేది, 2023-24 నాటికి 3 కోట్ల టన్నుల లోపుకు జారింది. ముంబై సముద్రంలోని ముంబై హై లాంటి పాత చమురు క్షేత్రాలు ముసలివైపోయాయి. కొత్త బావులు ఆ లోటును పూడ్చడానికే ఆయాసపడుతున్నాయి.

దీన్ని బట్టి తవ్వడం దండగ అనను. ఆ 45 వేల బ్యారెళ్లు ఏడాదికి లెక్కేస్తే 20 లక్షల టన్నులు దాటతాయి. అంత చమురుకు డాలర్లు పోయడం తప్పుతుంది. కానీ చిన్నాన్న ఆశపడినట్టు అమలాపురం బంకులో లీటరు ధర మాత్రం తగ్గదు. మన బావిలో చమురైనా అంతర్జాతీయ ధరకే రిఫైనరీకి అమ్ముతారు. దాని మీద కేంద్రం పన్ను, రాష్ట్రం పన్ను మామూలే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నేల మీద బావైతే రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది, సముద్రంలో బావైతే కేంద్రానికి పోతుంది. కాకినాడ తీరానికి ఎదురుగా ఎంత చమురు పారినా ఆంధ్రప్రదేశ్ ఖజానాకు రాయల్టీగా వచ్చేది ఏమీ లేదు.

కాలం లెక్క కూడా చూడండి. ఈ 98/2 బ్లాకులోకి ఓఎన్‌జీసీ అడుగుపెట్టింది 2005లో. తొలి చమురు 2024లో. ఈ రోజు తవ్వుదామని తీర్మానం చేస్తే ఈ రోజు పెరిగిన ధరకు అది మందు కాదు. అప్పుడు పుట్టిన పిల్లవాడు డిగ్రీలో చేరేనాటికి చేతికొచ్చే సంగతి.

నమ్మి కట్టినవాళ్ల కథ

నేల కింద ఏముందో తవ్వేదాకా తెలియదు, తవ్వాక కూడా పూర్తిగా తెలియదు. దానికి మన జిల్లాల్లోనే నిలువెత్తు సాక్ష్యం ఉంది. 2002లో రిలయన్స్‌కు ఇదే బేసిన్‌లోని కేజీ-డీ6 బ్లాకులో గ్యాస్ దొరికింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని లెక్కలు వేశారు. ఆ మాట మీద గోదావరి, కృష్ణా జిల్లాల్లో గ్యాస్‌తో నడిచే విద్యుత్ కేంద్రాలు కట్టారు, ఉన్నవాటిని పెంచారు. 2010లో ఉత్పత్తి 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా ఎగబాకి, అక్కణ్ణుంచి మెట్లు దిగినట్టు దిగిపోయింది. మూడు నాలుగేళ్లలో నాలుగో వంతుకు పడిపోయింది. ఆ మొదటి క్షేత్రాలు డీ1, డీ3లను 2020 ఫిబ్రవరిలో మూసేశారు.

వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి కేంద్రాలు గ్యాస్ అందక ఏళ్ల తరబడి మూలిగాయి. సామర్లకోటలో 2,400 మెగావాట్లకు తలపెట్టిన కేంద్రం యంత్రాలు దిగాక కూడా గ్యాస్ లేక నడవలేదు. వాటిలో ఒక భాగం చివరికి బంగ్లాదేశ్‌లోని మేఘనాఘాట్ ప్రాజెక్టుకు తరలిపోయింది. పొయ్యి కట్టి, గిన్నెలు తోమి పెట్టుకున్నాక కట్టెలు రాలేదన్నమాట. బ్యాంకుల అప్పు మాత్రం వడ్డీతో సహా నిలిచింది. తర్వాత అదే బ్లాకులో ఇంకా లోతున ఉన్న మూడు క్షేత్రాలను 2020 డిసెంబరు నుంచి ఒక్కొక్కటిగా తెరిచారు, గ్యాస్ మళ్లీ బాగానే వస్తోంది. అంటే నేల మొండిచేయి చూపుతుందని కాదు, మన లెక్క ప్రకారం నడవదని.

ఎండ సంగతి ఇందుకు తలకిందులు. రేపు మబ్బు పడుతుందో లేదో చెప్పలేం గానీ, రాయలసీమలోని పాణ్యం దగ్గర వచ్చే ఏడాది మొత్తం మీద ఎంత ఎండ కాస్తుందో ఇప్పుడే దాదాపుగా చెప్పొచ్చు. పాతికేళ్ల ఖర్చు మొదటి రోజునే తెలిసిపోతుంది. అప్పిచ్చేవాడికి ఇంతకన్నా కావలసిందేముంది?

నేల ఎవరిది, మంట ఎవరికి

1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి బావిలో బ్లోఅవుట్ జరిగింది, అంటే గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగదన్నింది. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేశారు. ఆ తరంవాళ్లు ఇప్పటికీ "బ్లోఅవుట్ అయిన ఏడాది" అని పెళ్లిళ్లకూ పుట్టుకలకూ గుర్తు చెప్పుకుంటారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోనే నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. చాలామంది నిద్రలోనే కాలిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయి నిలబడిన ఫొటోలు ఆ రోజు చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు. అస్సాంలోని బాగ్‌జాన్‌లో 2020 మే 27న బావి అదుపు తప్పితే నవంబరుకు గానీ పట్టుబడలేదు.

కోనసీమ ఎడారి కాదు. ఇల్లు, కొబ్బరితోట, కాలువ, చేను, మళ్లీ ఇల్లు. ఎకరం ఖాళీ జాగా దొరకని చోట బావి తవ్వితే దాని పక్కన ఎవరో ఒకరు కాపురం ఉండక తప్పదు, పైపులైను ఎవరి పెరట్లోంచో పోక తప్పదు. రాజస్థాన్‌లోని బాడ్మేర్ ఇసుకలో బావికీ మామిడికుదురు కొబ్బరితోటలో బావికీ ఒకే ప్రమాదపు లెక్క కట్టడం అన్యాయం. నా మటుకు నాకు ఈ ఒక్క విషయంలో తర్కం అక్కర్లేదు. నదీపాయల మధ్య, ఇళ్ల మధ్య కొత్త బావి వద్దు. ఉన్న బావులూ పైపులూ భద్రంగా ఉన్నాయా అన్నది ముందు చూడాలి.

సోలారుకు పాపం అంటదని కూడా అనుకోకండి. కర్నూలు సోలార్ పార్కు 1,000 మెగావాట్లది. గని, శకునాల గ్రామాల దగ్గర సుమారు 6 వేల ఎకరాల్లో 2017 నాటికి సిద్ధమైంది. అంత నేలకు కంచె వేస్తే గొర్రెలు తోలుకెళ్లే దారి మూతబడుతుంది. ఇలాంటి చోట్ల పట్టా ఉన్నవాడికి కౌలు సొమ్ము వస్తుంది, ఆ చేలో కూలికి వెళ్లే ఆమెకు ఏమీ రాదు. పార్కు కట్టేటప్పుడు వందలమందికి పని, కట్టాక పలకలు కడగడానికీ కాపలాకూ కొద్దిమంది చాలు. అయితే ఒక తేడా ఉంది. ఈ నష్టం మాట్లాడి, డబ్బిచ్చి, దారి వదిలి సరిదిద్దగలిగేది. పలక పగిలితే ఊరు కాలదు.

రెండింటికీ కలిసే పాయింటు ఒకటి చెప్పాలి. 2020 జనవరిలో పర్యావరణ నోటిఫికేషన్ సవరించి, చమురు అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేకుండా చేశారు. ఉత్పత్తి దశకు వెళ్తేనే అది ఉంటుంది. సోలార్ పార్కులైతే అసలు ఆ నోటిఫికేషన్ కిందికే రావు. కాబట్టి మీ ఊళ్లో ఏది వస్తున్నా, టెంటు వేసి మైకు పెట్టి మిమ్మల్ని అడుగుతారని కూర్చోకండి. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. కౌలు కాగితంలో ఏళ్లెన్ని, కౌలు ఎంతకోసారి పెరుగుతుంది, గడువయ్యాక పలకలూ కాంక్రీటూ తీసేసి నేల అప్పగించేది ఎవరు అన్న మూడూ రాతలో ఉన్నాయో లేదో సంతకానికి ముందే చూసుకోండి.

సాయంత్రం ఆరు తర్వాత

సోలార్ కరెంటు చవకైందన్నది ఎవరూ కాదనలేని మాట. 2017 ఏప్రిల్‌లో కడప జిల్లాలో 250 మెగావాట్లకు టెండరు పిలిస్తే యూనిట్ 3 రూపాయల 15 పైసలకు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్ టెండరులో 1 రూపాయి 99 పైసలు పలికింది. దేశంలో సోలార్ సామర్థ్యం 2025 మొదట్లో లక్ష మెగావాట్లు దాటింది. అదే ఏడాది జూన్ నాటికి మొత్తం స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కానివే. అయితే సామర్థ్యం సగమంటే కరెంటు సగమని కాదు. పలక పగలే పనిచేస్తుంది. అందుకే వాడే కరెంటులో బొగ్గుదే ఇప్పటికీ సింహభాగం.

మా మేనమామది అమలాపురం వైపు ఐదెకరాల రొయ్యల చెరువు. పోయిన ఎండాకాలం ఒక రాత్రి అక్కడే పడుకున్నాను. రెండు దాటాక కరెంటు పోయింది. నీటిలోకి గాలి కలిపే ఇరవై ఏరియేటర్లు ఒక్కసారి ఆగిపోతే వచ్చే ఆ నిశ్శబ్దానికే మామయ్య లేచి కూర్చున్నాడు. టార్చి వేస్తే గట్టు వారన రొయ్యలు అప్పుడే నీటి పైకి వచ్చి మూతులు ఆడిస్తున్నాయి. జనరేటర్ అంటుకునేదాకా ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. చక్రాలు మళ్లీ నురగలు కక్కాక, ఖాళీ డబ్బా పక్కన పెడుతూ, "గంటకు పది లీటర్లు తాగుద్దిరా. అయినా ఈ టైములో లెక్కలు చూస్తే తెల్లారేసరికి పంట ఉండదు" అన్నాడు. "షెడ్డు మీద సోలార్ పెట్టించొచ్చుగా మామయ్యా" అన్నాను. "పగలు వీటికి ఆక్సిజన్‌తో పనేంట్రా, ప్లాంక్టనే ఇస్తుంది" అని నవ్వాడు.

ఆ నవ్వులో పెద్ద పాఠముంది. చెరువుకు ఊపిరి కావలసింది సూర్యుడు లేనప్పుడే. ఎండ ఉన్నప్పుడు నీటిలోని ప్లాంక్టన్, అంటే కంటికి కనపడని నాచు, తనంతట తానే ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రంతా అది తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున అట్టడుక్కు చేరుతుంది. సోలార్ ఎంత చవకైనా ఆ వేళకు అందకపోతే ఆయనకు చవక కాదు.

అందివ్వడానికి దారి ఉంది. నంద్యాల, కర్నూలు జిల్లాల సరిహద్దులో పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు కట్టారు. సూత్రం చాలా పాతది. కొండ పైన ఒక జలాశయం, కింద ఒకటి. మధ్యాహ్నం మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడతారు, సాయంత్రం టర్బైన్ల మీదుగా కిందికి వదులుతారు. తోడటానికి పెట్టిన కరెంటులో నాలుగింట మూడొంతుల పైచిలుకు వెనక్కి వస్తుంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో, నాగార్జునసాగర్‌లో ఇలా రెండు వైపులా తిరిగే యంత్రాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఎండతో పాటు ఇలాంటి కొండలు మన దగ్గర ఉండటం అదృష్టం. కొత్త ప్రజాధనం పెట్టాల్సింది ఇక్కడ అని నా గట్టి నమ్మకం.

ఇక్కడో హెచ్చరిక. కరెంటు తయారీ చవకైనంత మాత్రాన డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, సరిగ్గా డబ్బు కడుతుందని లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత గాలి, సోలార్ ఒప్పందాల ధరలను తిరగదోడింది. కేసులు నడిచి, ఒప్పందంలో రాసుకున్న ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పిచ్చింది. ఆ మూడేళ్లూ కొత్త పెట్టుబడి పెట్టేవాళ్లు జంకారు. చమురుకు యుద్ధాల భయం, సోలారుకు మాట తప్పే భయం.

స్వావలంబన గురించి కూడా నిజం చెప్పుకోవాలి. పలకల తయారీలో అన్ని దశల్లోనూ ప్రపంచంలో 80 శాతానికి పైగా చైనాదే. చమురును ఒక దిక్కు నుంచి కొంటుంటే పలకలను ఇంకో దిక్కు నుంచి కొంటున్నాం. కాకపోతే ఓడ ఆగిపోతే పెట్రోలు కొద్ది నెలల్లోనే నిండుకుంటుంది, బిగించిన పలక మాత్రం పాతికేళ్లు పనిచేస్తూనే ఉంటుంది.

మీరు ఏం ఎంచుకోవాలి

సొంత ఇల్లుండి, నెలకు 250 యూనిట్లు దాటుతుంటే కప్పు మీద 3 కిలోవాట్లు పెట్టించుకోండి. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి, సుమారు వంద చదరపు అడుగుల జాగా పడుతుంది. కోనసీమవాళ్లు ముందు చూసుకోవాల్సింది కొబ్బరి నీడ. ఒక్క మట్ట నీడ ఒక పలక మీద పడినా ఆ వరసలో మిగతా పలకల కరెంటు కూడా పడిపోతుంది. తొమ్మిది గంటలకు, పన్నెండుకు, మూడింటికి మేడెక్కి నీడ ఎక్కడ పడుతోందో సుద్దతో గీసుకున్నాకే ఆర్డరివ్వండి. తీరం దగ్గరైతే ఉప్పుగాలికి తుప్పు పట్టని స్టాండు, తుఫాను గాలికి ఆగే బిగింపు అడగండి. ఇంకొకటి, గ్రిడ్డుకు కలిపిన మామూలు సోలార్ కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం అలా పెట్టారు. ఇది తెలియక, పెట్టించుకున్నాక తిట్టుకునేవాళ్లు ఊరికొకరున్నారు.

బండి మార్చే ఆలోచన ఉంటే, రోజుకు 30 కిలోమీటర్లు దాటి తిరిగేవాళ్లకు కరెంటు స్కూటరే మేలు. యూనిట్‌కు 30 కిలోమీటర్ల దాకా వస్తుంది. లీటరు 110 రూపాయల చుట్టూ ఉన్న పెట్రోలుతో 45 కిలోమీటర్లు నడిచే బండికి కిలోమీటరుకు రెండున్నర రూపాయలు పడుతుంది, దీనికి పావలా. చిన్నాన్న కోరుకునే దిగుమతి తగ్గింపు జరిగేది నిజానికి ఇక్కడే. లారీకి, వరికోత యంత్రానికి మాత్రం ఇప్పుడప్పుడే డీజిల్ తప్పదు. ఆ చమురు మన బావిలోదైతే సంతోషమే.

గ్యాస్ సంగతి వేరుగా చూడాలి. యూరియా తయారయ్యేది సహజ వాయువుతోనే. వంట గ్యాస్‌లో దాదాపు 60 శాతం దిగుమతి చేసుకుంటున్నాం. కాబట్టి సముద్రంలోని కేజీ గ్యాస్‌ను ఎరువుకూ వంటకూ వాడటం తెలివైన పని. ఎండ నిండుగా ఉన్న మధ్యాహ్నం దాన్ని కరెంటు కోసం కాల్చడం మాత్రం విత్తనపు వడ్లు దంచుకు తిన్నట్టే.

ఆక్వా రైతులకు నా సలహా వేరు. నెలలో రెండు మూడు రాత్రులే కరెంటు పోతుంటే జనరేటర్ ఉంచుకోండి, దాని మీద అపరాధభావం అక్కర్లేదు. రోజూ గంటల తరబడి డీజిల్ కాలుతుంటే మాత్రం ముందు మీ చెరువులకు కరెంటు తెచ్చే ఫీడరు లైను బాగుచేయించుకోవడానికి పది చెరువులవాళ్లు కలిసి కదలండి. ఆ తర్వాతే బ్యాటరీ మాట. ఐదెకరాల చెరువుకు నాలుగు గంటల బ్యాటరీ అంటే 120 యూనిట్లు నిలవ చేయాలి, అది చిన్న ఖర్చు కాదు.

మామయ్య ఈ పంట తీశాక ఇంటి మేడ మీద 3 కిలోవాట్లు పెట్టిస్తున్నాడు. చెరువు దగ్గర జనరేటర్ అలాగే ఉంటుంది. మేడ తూర్పు వైపు రెండు కొబ్బరి చెట్ల నీడ తొమ్మిదిన్నర దాకా ఉంటోందని, పలకలు పడమటి వైపు జరపాలని నిన్నే సుద్దతో గీసి ఫొటో పంపాడు.